ఎడమ పక్క నాది

“ఆ కారు పుస్తకం ఇంకొక్కసారి ఈ టేబుల్ మీద కనిపించిందంటే పొయ్యిలో పెట్టేస్తాను నాన్నా, చెప్తున్నా!”

మా అమ్మాయి అన్నంత పనీ చేసే రకం. పుస్తకం పొయ్యి దాకా వెళ్ళలేదు గానీ గాల్లో ఎగిరొచ్చి నా కుట్టుమిషను మీద పడింది. సూది కింద లారీ సీటు కవరు ఉంది. కుట్టు వంకరపోయింది.

“మీ తగువుల్లోకి నా మిషన్ని లాగకండి,” అన్నాను.

“నీకు నీ కవర్లే ముఖ్యం. అవతల ఆ పోస్ట్‌మాన్ కాలికి ఇనపకడ్డీలు వేయించుకుని నాలుగు వారాల నుంచి ఆసుపత్రిలో పడున్నాడు. ఆ బేకరీ అమ్మాయి రేపు పదింటికి పోలీస్ స్టేషనుకి వెళ్ళి తప్పంతా తనదేనని సంతకం పెడుతోంది. ఈయనేమో పాత కారు మనకో మాటైనా చెప్పకుండా అమ్మేసి, కొత్తదానికి బ్రేకులు ఎర్రవా నల్లవా అని చూసుకుంటున్నారు! క్లినిక్కులో అందరూ నన్నే అడుగుతున్నారమ్మా, మీ నాన్న కొత్త కారు కొంటున్నాడటగా అని. పళ్ళు పీకించుకోడానికి వచ్చినవాళ్ళు కూడా!”

అది పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళు ఎలా అడుగుతారే అని నా నాలిక చివరిదాకా వచ్చింది. సమయం కాదని మింగేశాను.

మాస్టారు కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. మా ఆయన్ని అందరూ మాస్టారనే అంటారు. ముప్పై ఏళ్ళుగా కారు నేర్పుతున్నారు. పెళ్ళయిన కొత్తలో నేనూ వేళాకోళానికి మాస్టారూ అన్నాను, ఆ పిలుపే ఉండిపోయింది.

“తప్పు ఆ పిల్లదే అయినప్పుడు సంతకం పెట్టక ఏం చేస్తుంది?” అన్నాను నేనే, ఆయన తరఫున.

“దానికి బేకరీ వాళ్ళు వ్యాను నడిపే పని ఇస్తామన్నారమ్మా. అందుకే నేర్చుకోడానికి వచ్చింది. రేపు సంతకం పెడితే రెండేళ్ళ దాకా లైసెన్సు ముట్టుకోనివ్వరు. మళ్ళీ ఆ పొయ్యిల ముందే జీవితాంతం. మనం కనీసం ఒక్క నెల ఆగి కొనుక్కోలేమా కారు?”

“ఈ రోజే ఆర్డరు ఇవ్వాలి,” అన్నారు మాస్టారు. అంతే.

మా అమ్మాయి సంచీ భుజాన వేసుకుని తలుపు దఢాలున వేసి పోయింది. పొద్దున్నే ఇల్లంతా కాలిన వాసన వచ్చినట్టుంది నాకు, ఏమీ కాలకపోయినా.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బేకరీ పిల్ల మీద అందరికన్నా ఎక్కువ నోరు పారేసుకున్నది నేనే. పాఠం మధ్యలో ఎడమకి తిప్పుతూ ఆ పోస్ట్‌మాన్ బండిని గుద్దేసిన మర్నాడే బేకరీకి వెళ్ళాను. పదిమంది ముందు, “కళ్ళెక్కడ పెట్టుకుని నడిపావే? ముప్పై ఏళ్ళుగా ఆయన చేతికింద ఒక్కడికి గీత పడలేదు, నువ్వొచ్చి ఆయన పేరు మట్టిలో కలిపావు కదే!” అని దులిపేశాను. ఆ పిల్ల పిండి చేతులు వెనక్కి పెట్టుకుని తల వంచుకుంది. ఇంటికొచ్చి మాస్టారికి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన విని, అన్నం పళ్ళెం ముందు నుంచి లేచిపోయారు. నా మీద జాలి లేదు గానీ ఆ పిల్ల మీద ఎంత జాలో అనుకున్నాను అప్పుడు.

ఆయన పాఠాలన్నీ నాకు నోటికొచ్చు. నేర్చుకునేవాళ్ళంతా వంతు వచ్చేదాకా నా మిషను పక్కన బెంచీ మీదే కూర్చుంటారు. “మెడ తిప్పు, అద్దం నమ్మకు” అనేది మొదటి పాఠం. రెండోది ఆయన సొంతం, ఇంకే బడిలోనూ లేదు. కొత్తవాళ్ళు నాలుగు దిక్కులా చూడబోతే బెదిరిపోతారని, “మొదటి పది రోజులూ నువ్వు ముందు చూడు, కుడి పక్క చూడు. ఎడమ పక్క నాది. నేను కూర్చునేది అటేగా” అనేవారు. పదకొండో రోజున ఎడమ పక్క కూడా వాళ్ళకి అప్పగించేవారు. ఆ రోజు మిఠాయి తెచ్చి పంచినవాళ్ళు కూడా ఉన్నారు.

*

షోరూముకి బస్సులో వెళ్ళాం. కారు కొనడానికి బస్సులో వెళ్ళడమేమిటని నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. బస్సు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నారు. ఆ మధ్య అలవాటైంది ఆయనకి. ఈ వయసులో సరసాలేమిటని ఒకసారి విదిలించుకున్నాను కూడా.

కారు అద్దాల వెనక నిలబడి ఉంది. పసుపుపచ్చ ఒళ్ళు, నల్ల పైకప్పు, రెండే పక్క తలుపులు. మా వంటింటి కన్నా చిన్నది. కరెంటు కారు. కాలు నొక్కితే ఎగిరిపోతుందట. ముప్పై ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని, గంటకి ఇరవై కిలోమీటర్లకి మించనివ్వకుండా బ్రేకు మీద కాలు పెట్టుకు బతికిన మనిషి, ఒక్కసారైనా తన చేత్తో ఎగరాలనుకున్నాడు. అందులో తప్పేముంది? ఆరు నెలలుగా ఆ పుస్తకంలో ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకుంటున్నారు. పెద్ద చక్రాల కింద రెండు గీతలు. స్పోర్ట్ ప్యాక్ చుట్టూ గుండ్రంగా మూడుసార్లు.

గళ్ళకోటు వేసుకున్న సేల్స్ అమ్మాయి చేతిలో పలకంత తెర పట్టుకుని వచ్చింది.

“రంగు ఇదే కదా సర్?”

“ఇదే.”

“చక్రాలు పదహారు అంగుళాలా, పద్దెనిమిదా?”

“పదహారు చాలమ్మా.”

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన తెర వైపు చూస్తున్నారు.

“సీట్లు? మామూలివా, ఒంటిని పట్టి ఉంచే స్పోర్ట్ సీట్లా?”

ఇది నా శాఖ గనక నేను వంగి సీటు అంచు బొటనవేలితో తడిమి చూశాను. కుట్టు బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఎయిర్‌బ్యాగు సీటు పక్క కుట్టులోనే పెట్టారు. దాని మీద కవరు వెయ్యడానికి లేదు. ఇలాంటి కార్లు పది వస్తే నా మిషను మూలపడుతుంది. “నా పొట్ట కొట్టడానికే చేసినట్టున్నారమ్మా ఈ సీటు,” అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది.

“మామూలివే,” అన్నారు మాస్టారు.

“మోటారు చప్పుడు సర్? ఈ కారుకి అసలు చప్పుడుండదు కదా. రేసు కారులా వినిపించే స్పీకరు పెట్టించుకోవచ్చు.”

“చప్పుడు లేదని కొనుక్కుని, మళ్ళీ చప్పుడు విడిగా కొనుక్కోవాలా?” అన్నాను.

“అది వద్దు,” అన్నారాయన. “పక్కనుంచి ఏదైనా వస్తే కారే చెప్తుందటగా? దాని సంగతి చెప్పమ్మా.”

“సేఫ్టీ ప్యాక్ సర్. కానీ...” ఆ అమ్మాయి తెర మీద ఏదో వెతికింది. “మీరు ఫోన్లో స్పోర్ట్ ప్యాక్ అన్నారు కదా సర్? ఈ చిన్న మోడల్లో రెండూ కలిపి రావు. స్పోర్ట్ బంపరు బాగా కిందికి దిగి ఉంటుంది, మూలల్లో సెన్సార్లు పెట్టడానికి చోటుండదు. ఏదో ఒకటే ఎంచుకోవాలి.”

ఆరు నెలల గీతలు. రెప్పపాటు కూడా ఆలోచించలేదు ఆయన.

“సేఫ్టీ.”

“అద్దాల్లో వెలిగే హెచ్చరిక దీపాలు ఉంటాయి సర్. ఇంకా పైనుంచి చూసినట్టు చూపించే కెమెరా, విడిగా.”

“పెట్టు.”

“గీత దాటితే స్టీరింగు వణికేది?”

“పెట్టమ్మా.”

“తలుపు తీసేటప్పుడు వెనకనుంచి సైకిలు వస్తుంటే మోగేది?”

“అదీ పెట్టు. ఏవేవి ఉన్నాయో అన్నీ పెట్టు.”

“సర్ భలే జాగ్రత్తపరులు!” అంది ఆ అమ్మాయి.

నాకు నవ్వు రాలేదు. కెమెరా చూసి కారు వెనక్కి తీసేవాడు డ్రైవరే కాడని ఊరంతా చాటిన మనిషి ఈయన. సొంత కారుతో నేర్చుకోడానికి వచ్చేవాళ్ళ కార్లలో తెరలు ఉంటాయని, వాటికి తొడగడానికి నా చేత నల్లగుడ్డ టోపీలు కుట్టించారు. ఒకటి కాదు, ఆరు. ముందు టోపీ తొడిగి, తరవాతే పాఠం మొదలుపెట్టేవారు. “దేవుడు మెడ ఇచ్చింది దండలు వేసుకోడానికి కాదు” అని ఒక లాయరుగారిని మొహం మీదే అన్నారు.

“ఏమండీ, ఎర్ర పెన్సిలు గీతలన్నీ ఏమయ్యాయి?” అన్నాను మెల్లగా.

“వయసొచ్చిందిగా.”

“పోయిన నెల దాకా రాలేదా వయసు?”

“ఒకసారి నడిపి చూద్దామా సర్?” అంటూ ఆ అమ్మాయి తాళం తెచ్చింది.

*

నేను వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మాస్టారు స్టీరింగు ముందు, ఆ అమ్మాయి ఆయన పక్కన. ఇది నడిపి చూపించే కారు గనక సేఫ్టీ ప్యాక్ అంతా ఇందులో ఉందని చెప్పింది.

మొదట తిన్నని రోడ్డు. ఎంత హాయిగా నడిపారో! రోడ్డు మీద నూనె పోసినట్టు జారింది కారు. వెనకనుంచి ఆయన మెడ చూస్తూ కూర్చున్నాను. ఆ మెడ కదలడం లేదని అప్పుడు నాకు తట్టలేదు.

గోదాము దగ్గర ఎడమకి తిరగాలి. ఇండికేటరు వేశారు, వేగం తగ్గించారు, చేతులు ఎలా తిప్పాలో అలాగే తిప్పారు. అంతలో కారు కీచుమని తనంతట తనే ఆగిపోయింది. బెల్టు నా రొమ్ము మీద బిగుసుకుంది. తెరంతా ఎర్రగా వెలిగింది.

ఎడమ చక్రం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, పసిబిడ్డని బండిలో తోసుకుంటూ ఒకావిడ నిలబడిపోయి ఉంది. ఆవిడ నోరు తెరుచుకునే ఉంది. అరుపు ఇంకా బయటికి రాలేదు.

“అబ్బ! సర్ కావాలనే పరీక్ష చేశారు కదా!” అంది గళ్ళకోటు అమ్మాయి, గుండె మీద చెయ్యేసుకుని నవ్వుతూ. “చాలామంది ఇలాగే చేస్తారు సర్. కానీ అట్టపెట్టెలతో చేయిస్తాం మేము.”

“బాగా పనిచేస్తోందమ్మా,” అన్నారు మాస్టారు.

నేను లోపలి అద్దంలో ఆయన మొహం చూస్తున్నాను. సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది. కారు ఆగిపోయాక ఆయన తల అటూ ఇటూ తిప్పుతున్నారు, ముందు చూశారు, కుడి పక్క చూశారు, మళ్ళీ ముందు చూశారు. కారు దేన్ని చూసి ఆగిందో వెతుక్కుంటున్నారు. ఆవిడ తిట్టుకుంటూ బండి ఎదటికి తోసుకుని వచ్చేదాకా ఆయనకి ఆవిడ కనపడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ అమ్మాయే నడిపింది. పార్కింగులో ఎవరో అడ్డంగా పెట్టారు, నేను తీసుకెళ్తాను సర్ అంది. ఎంత మర్యాదగా అందో! దానికీ ఏదో అనుమానం వచ్చిందేమో, నాకు తెలియదు.

*

ఆర్డరు కాగితాలు తీసుకొస్తానని ఆ అమ్మాయి లోపలికి వెళ్ళింది. మమ్మల్ని కాఫీ మిషను పక్కన సోఫాలో కూర్చోబెట్టింది. నేను ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“ఎప్పటినుంచీ?”

“ఏమిటి ఎప్పటినుంచి?”

“నా దగ్గర నాటకాలొద్దు. ఎప్పటినుంచి కనపడడం లేదు?”

కాఫీ మిషను బుస్సుమని ఆవిరి వదిలింది. ఆయన అటు తిరిగి చూశారు, మళ్ళీ నా వైపు తిరిగారు.

“ఎదురుగా ఉన్నవన్నీ కనపడతాయే. నీ ముక్కుపుడక మీద రాయి కూడా కనపడుతోంది. గోడమీద అక్షరాలు కింది వరస దాకా చదువుతాను. పక్కలే... పక్కలు మూసుకుపోతున్నాయి. ఎడమ పక్క ఎక్కువ. నీటికాసుల జబ్బట, గ్లకోమా అంటారట. డాక్టరు ఎనిమిది నెలల కిందట చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోమని చుక్కలిచ్చాడు.”

“కారు నడపొచ్చన్నాడా?”

“వద్దన్నాడు.”

“ఎనిమిది నెలలు!” నా గొంతు లేచింది. అద్దాల అవతల ఎవరో ఇటు చూశారు. తగ్గించాను. “ఎనిమిది నెలలు నా పక్కన పడుకుని నాకు చెప్పలేదా? నేనెవరు మీకు, అద్దెకున్నదాన్నా?”

“చెప్తే నువ్వు ఊరుకుంటావా? మాన్పించేదానివి. మానేసి ఏం చేయను? నాకు ఇంకేం వచ్చు?”

నిజమే, మాన్పించేదాన్ని. నాకు ఒకటే ప్రశ్న మిగిలింది. దాన్ని అడగాలంటే భయమేసింది. అడగకుండా లేచిపోదామని కూడా అనుకున్నాను.

“ఆ బేకరీ పిల్లకి ఆ రోజు ఎన్నో రోజు?”

ఆయన తల వంచుకున్నారు.

“మిమ్మల్నే. ఎన్నో రోజు?”

“తొమ్మిది.”

“అంటే ఎడమ పక్క ఎవరిది?”

ఆయన కాఫీ మిషను వైపు మొహం తిప్పుకున్నారు.

“పోస్ట్‌మాన్ మీకు కనిపించాడా లేదా?”

“చప్పుడు వినిపించింది,” అన్నారు. “బండి పడ్డ చప్పుడు. అప్పుడే తెలిసింది నాకు, అక్కడ ఒక మనిషి ఉన్నాడని.”

“మరి కాగితం మీద ఏమని రాసిచ్చారు పోలీసులకి? ‘ఎడమ పక్క చూడమని చెప్పాను, వినకుండా తిప్పింది’ అని రాశారు కదా? నాకు చదివి వినిపించారు కూడా! నేను ఆ మాట పట్టుకుని వెళ్ళి పదిమందిలో దాన్ని...”

బేకరీలో తల వంచుకున్న పిల్ల మెడ కళ్ళముందు కనపడింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నా నోరు పడిపోనూ, ఏం మాటలన్నాను!

మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఏడవడం నేను రెండుసార్లే చూశాను, ఇది మూడోసారి.

“ఒక్కటే అడుగుతాను. నువ్వు నోరు విప్పకు. రేపటితో అయిపోతుంది. చిన్నపిల్ల, రెండేళ్ళు ఆగితే మళ్ళీ లైసెన్సు వస్తుంది దానికి. నాకు రాదు. తెలిస్తే నన్ను లోపల పడేస్తారు. నేర్చుకున్నవాళ్ళంతా మొహాన ఉమ్మేస్తారు. ఈ కారు ఉంటే నేనింక ఎవరికీ హాని చెయ్యను. చూశావుగా, అదే ఆగింది. నాకు కనపడనిది అది చూసుకుంటుంది.”

“అది ఆగకపోతే?”

“ఆగుతుందే. అందుకేగా అన్నీ పెట్టించాను.”

ఎర్ర గీతలన్నీ చెరిపేసి ఈయన రెండు కొత్త కళ్ళు కొనుక్కుంటున్నారు. అదీ సంగతి. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మొగుడు ఊరిమధ్య సోఫాలో కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే, కోపం ఎంతసేపని నిలబడుతుంది?

“నా మీద ఒట్టేసి చెప్పు. ఎవరికీ ఒక్క మాట చెప్పనని.”

గళ్ళకోటు అమ్మాయి కాగితాలతో వచ్చేస్తోంది. మడమల చప్పుడు దగ్గరపడుతోంది.

“చెప్పను,” అన్నాను. “ఒట్టు.”

అన్న మరుక్షణం నాలిక కొరుక్కోవాలనిపించింది.

“ఇక్కడ సర్, సంతకం,” అని ఆ అమ్మాయి కాగితం ఎడమ మూల చూపించింది. ఆయన కాగితాన్ని జరుపుకుని, ఆ మూలని సరిగ్గా ముక్కుకి ఎదురుగా పెట్టుకుని సంతకం చేశారు. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది.

“ఆరు వారాల్లో మీ కారు మీ గుమ్మం ముందుంటుంది సర్!”

*

బస్సులో ఆయన కిటికీ పక్కన, నేను ఇవతల. ఎవరో పెద్దాయన, “మాస్టారూ, బాగున్నారా? మా వాడు మీ దయవల్ల ఇప్పుడు అంబులెన్సు నడుపుతున్నాడు,” అన్నాడు. మాస్టారు నవ్వి చెయ్యెత్తారు. ఆ నవ్వు చూడలేక నేను టికెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాను.

మేము ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా గోడల మీద ఉంది. గేటు దగ్గర బేకరీ పిల్ల నిలబడి ఉంది.

పనిలోంచి అలాగే వచ్చేసినట్టుంది. మోచేతుల దగ్గర పిండి అంటుకుని ఉంది. నన్ను చూడగానే ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ తిడతాననుకుంది కాబోలు.

“ఆంటీ, కోప్పడకండి. ఐదు నిమిషాల్లో వెళ్ళిపోతాను. మాస్టారితో చిన్న పని.”

“లోపలికి రా అమ్మా,” అన్నాను. గేటు తీసి పట్టుకున్నాను.

లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చోలేదు. నిలబడే ఒక కాగితం తీసింది. నాలుగు మడతలు పెట్టి ఉంది.

“రేపు ఇవ్వాల్సింది రాసుకొచ్చాను మాస్టారూ. నాకు ఆఫీసు భాష తెలీదు. మీరు ఒక్కసారి చదివి తప్పులుంటే దిద్దుతారా? మీరైతే ఇలాంటివి బాగా రాస్తారని...”

మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. కాగితం వెంటనే తీసుకోలేదు.

“ఇంకెవరికైనా చూపించకపోయావా?”

“ఎవరికి చూపిస్తాను మాస్టారూ? మా అమ్మకి చదువు రాదు. ఓనరుకి చూపిస్తే వ్యాను సంగతి ఇవాళే తేల్చేస్తాడు.”

“ఏం రాశావు?” అని నేను అడిగాను.

“జరిగిందే ఆంటీ. ఎడమ పక్క నేను చూడలేదని. అది నిజమే కదా? చూడలేదు.” ఆ పిల్ల కాగితం మడతలు విప్పుతోంది. “మాస్టారు చూడమన్నారట. నాకు వినపడలేదు. పది రోజులదాకా ఎడమ పక్క నాదన్నారు కదా అని మొదట అనుకున్నాను. రాత్రుళ్ళు అదే ఆలోచించాను. మాస్టారు అబద్ధం ఎందుకు చెప్తారు? భయంలో నాకే వినపడి ఉండదు. అదే రాశాను.”

నేను మాస్టారి వైపు చూశాను. ఇప్పుడైనా చెప్తారనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, చెప్తారనే అనుకున్నాను. ఇంత నమ్మిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే ఏ మనిషి చెప్పకుండా ఉండగలడు?

ఆయన చెయ్యి చాపి కాగితం తీసుకున్నారు. జేబులోంచి పెన్ను తీశారు.

“‘వినపడలేదు’ అని రాయకూడదమ్మా,” అన్నారు. గొంతు పాఠం చెప్పే గొంతే. “‘వినలేదు’ అని రాయాలి. లేకపోతే ఇంకా ప్రశ్నలు వేస్తారు. నీకే ఇబ్బంది.”

“సరే మాస్టారూ.”

ఆయన ఒక ముక్క కొట్టేసి పైన ఇంకో ముక్క రాశారు. తరవాతి వాక్యం మొదలుపెట్టారు. చదువుతుంటే ఆయన మొహం వరస వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరికి కదులుతోంది. ఆ పిల్ల చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది, పరీక్ష కాగితం దిద్దించుకుంటున్నట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దుటినుంచీ ఆయన మీద ఉన్న జాలంతా ఆ ఒక్క కొట్టివేతతో పోయింది. కానీ ఒట్టేశాను. ఒక్క మాట చెప్పనన్నాను.

లేచి వెళ్ళి ఆయన ఎడమ పక్కన నిలబడ్డాను. చెప్పులు లేవు, అడుగుల చప్పుడు రాలేదు. నా కుడిచెయ్యి ఎత్తి ఆయన చెంప పక్కన, జానెడు దూరంలో పెట్టాను. ఐదు వేళ్ళూ విప్పాను. మూశాను. మళ్ళీ విప్పాను.

మాస్టారు పెన్నుతో రాస్తూనే ఉన్నారు.

ఆ పిల్ల నా చెయ్యి చూసింది. నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటుంది మొదట. మెల్లగా నా మొహం చూసింది. నేను కళ్ళు దించలేదు. చెయ్యి ఇంకా దగ్గరికి జరిపాను. ఆయన చెవిపక్క నెరిసిన జుట్టుకి వేళ్ళు తగలబోయేంత దగ్గరికి. ఆయన రెప్ప కూడా వెయ్యలేదు.

అప్పుడు ఆ పిల్ల ఆయన కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది. కట్టుకున్న చేతులు విడిపోయాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. తొమ్మిదో రోజు, ఎడమ మలుపు, పక్క సీటు, అన్నీ ఒకటొకటిగా దాని మొహంలోకి రావడం నాకు తెలుస్తూనే ఉంది.

“ఇంక తేదీ వేసి, కింద నీ పేరు రాస్తే చాలు,” అన్నారు మాస్టారు. తల ఎత్తారు. “ఏంటమ్మా అలా చూస్తున్నావు?”

ఆ పిల్ల నాలుగు వారాల్లో మొదటిసారి తల నిటారుగా ఎత్తింది.

“ఆ కాగితం ఇటివ్వండి మాస్టారూ,” అంది.